ఐసు డబ్బా ముందు చేసిన ప్రార్థన

కొత్తగా నర్సులైన మీకు ట్రైనింగులో అన్నీ చెప్పింటారు. సూది ఎట్ల దించాల, డబ్బాలో ఐసు ఎట్ల పేర్చాల, రాత్రికి జ్వరమొస్తే తల్లికి ఏం చెప్పాల. "ఈ టీకా వేయించుకుంటే పాపం తగులుతాదా నర్సమ్మా?" అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో మాత్రం చెప్పిండరు. నాకూ చెప్పలేదు. ఉద్యోగమంతా చేసి, శాలువా కప్పించుకొని ఇంటికొచ్చి కూర్చున్నాక కూడా ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. జవాబు కోసరమే చదివేవాళ్ళు ఈడనే ఆపేయండి, నన్ను తిట్టుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెప్పడం ఒక్కటే నాకు చాతనైన పని.

అప్పుడు నేను పెద్దకడుబూరు పక్క ఒక పల్లెలో సబ్ సెంటరు నర్సును. ఇల్లు ఆదోనిలో. పొద్దున్నే బస్సు, బస్సు రాకపోతే ఆటో, అదీ లేకపోతే పత్తి మూటల ట్రాక్టరు. నేను క్రైస్తవురాలినని ఊరంతా తెలుసు. మాది ఆదోనిలో దొరల కాలంనాటి పాత చర్చి. మా చర్చిలో కొట్లాటలన్నీ కమిటీ ఎన్నికల గురించి, గోడలకు వేసే రంగు గురించి. దేవుని గురించి కొట్లాడుకోవడం నేనైతే చూడలేదు. ఆ పల్లెలో క్రైస్తవుల సంఘం అట్లాంటిది కాదు. రేకుల షెడ్డు, కింద గోనెపట్టాలు, కూలికి పోయే కుటుంబాలు. వాళ్ళకు ప్రతిదీ ప్రశ్నే. సినిమా చూడొచ్చునా, పూలు పెట్టుకోవచ్చునా, పీర్ల పండగకు పక్కింటోళ్ళు ఇచ్చిన మలీదా తినొచ్చునా. అడిగి అడిగి పాస్టరయ్య ప్రాణం తీస్తారు.

పాస్టరయ్య మునుపు ఎమ్మిగనూరులో మగ్గం నేసిన మనిషి. ఏ మాట చెప్పినా పోగు లాగి చూసినట్టు చూసి గానీ ఒప్పుకోడు. కోపం రాదు, తొందర లేదు. నాకు రెండూ ఎక్కువే. అట్లాంటోళ్ళతో వాదం పెట్టుకుంటే నాకు బి.పి. పెరగడం తప్ప ఏమీ జరగదు.

ఆయన పెద్దకోడలే మా ఊరి ఆశా కార్యకర్త. ఊర్లో ఎవరు నెల తప్పినా, ఎవరి బిడ్డకు విరేచనాలైనా ముందు ఆ పిల్లకు తెలుస్తుంది, తర్వాత నాకు. నాకు కుడి చెయ్యి. నోరు తక్కువ, కాళ్ళు ఎక్కువ. పెండ్లయి చాన్నాళ్ళయినా పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు నిలిచి, నెలలు నిండకముందే పోయింది. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఊపిరి తీసుకోకుండా పోయిన బిడ్డకు సమాధి ప్రార్థన ఉండదు. సమాధుల దొడ్డికి తీసుకపోరు. ఇంటి వెనక గుంత తీసి, మగోళ్ళు పూడ్చిపెట్టి, చేతులు కడుక్కొని లోపలికి వస్తారు. పేరు లేదు, పాట లేదు. ఈ పిల్లవి రెండూ అట్లనే వాళ్ళ ఇంటి వెనకాల ఉన్నాయి. పూడ్చింది మామనే. ఆయన పాస్టరైనా పద్ధతి పద్ధతే కదా.

ఆ యేడు బళ్ళలో పిల్లలందరికీ తట్టు, రుబెల్లా కలిపిన టీకా వేయాలని ఆర్డర్లు వచ్చినాయి. తట్టు అందరికీ తెలుసు. రుబెల్లా ఎవరికీ తెలీదు. పిల్లలకొస్తే కొంచెం జ్వరం, ఒంటిమీద ఎర్రగా దద్దు, వచ్చినట్టే పోతుంది. అదే గర్భిణికి మొదటి నెలల్లో తగిలిందంటే కడుపులో బిడ్డకు కండ్లు పోవచ్చు, చెవులు పోవచ్చు, గుండెకు చిల్లు పడొచ్చు, బిడ్డే పోవచ్చు. కాబట్టి బడిపిల్లలకు వేసే ఆ సూది ఆ పిల్లల కోసరం కంటే ఎక్కువగా ఇంకా పుట్టని బిడ్డల కోసరం. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, నా తిక్కంతా ఈడనే మొదలవుతుంది.

ఒక పొద్దు మా ఆశా పిల్ల సబ్ సెంటరుకు వచ్చి గడప మీద కూర్చునింది.

"అక్కా, మా మామ ఈ టీకా మన పిల్లలకు వద్దంటాండాడు."

"యాలంట?"

"ఫోన్లో ఎవరో వాక్యం చెప్తా చెప్పినారంట. కడుపు తీయించుకుంటే పోయిన బిడ్డ ఉంటుంది కదక్కా, ఆ బిడ్డ ఒంట్లోనుంచి తీసినదాంట్లో ఈ మందు పెంచుతారంట."

నేను పక్కుమని నవ్వినాను. "ఫోన్లో రానిదేముందే? మొన్న ఉప్పు నీళ్ళతో క్యాన్సరు పోతాదని కూడా వచ్చింది" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు.

మా పీహెచ్‌సీ డాక్టరు కొత్తగా వచ్చిన పిల్లోడు. మంత్రాలయం దావలో ఊరు, అయ్యవార్ల ఇంటి బిడ్డ, కోడిగుడ్డు కూడా ముట్టడు. మంచోడు, అయితే చదువు వేడి ఇంకా తగ్గలేదు. సంగతి చెప్తే, "ఇదెంతసేపక్కా, ఆదివారం నేనే వచ్చి మాట్లాడతాను" అన్నాడు. వచ్చినాడు. ఆరాధన అయిపోయినాక గోనెపట్టా మీద మఠం వేసుకొని కూర్చొని, "ఇదంతా శుద్ధ అబద్ధం. మందులో అట్లాంటిదేమీ లేదు. పుకార్లు నమ్మొద్దండి" అని చెప్పినాడు.

పాస్టరయ్య అంతా విని, "చదివి చెప్తాండావా నాయనా, అనుకొని చెప్తాండావా?" అని అడిగినాడు.

"నేను డాక్టర్నండి."

"సరే నాయనా, డాక్టరువు నువ్వు చెప్తే సరే. మా పిల్లోళ్ళను పంపిస్తాం" అన్నాడు ఆయన. నాకు ప్రాణం లేచొచ్చింది. తిరుగు దావలో డాక్టరుకు సోడా కూడా తాపించినాను.

ఆ వారంలోనే రెండు జరిగినాయి. కౌతాళం పక్క ఒక ఊర్లో పిల్లోళ్ళకు ఎర్రదద్దు లేచిందని కబురొచ్చింది. రక్తం తీసి పంపిస్తే రుబెల్లానే అన్నారు. ఆ ఊరోళ్ళు, మా ఊరోళ్ళు ఒకే పత్తి చేన్లలో కూలికి కలుస్తారు. రెండోది, మా ఆశా పిల్ల సబ్ సెంటరు వెనక్కు పోయి వాంతి చేసుకునింది. నేను ఒక్క చూపు చూసినాను, అంతే. పరీక్ష చేస్తే రెండు గీతలు పడినాయి. ఆ పిల్ల ఆ గీతలను చూసి సంతోషపడలేదు, భయపడలేదు, ఊరికే గోడ పట్టుకొని నిలబడింది. నేనే ఏడ్చేసినాను. నా కూతురు నెల తప్పినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

నెలవారీ రక్తపరీక్షలతో పాటు ఆదోనిలో రుబెల్లా పరీక్ష కూడా చేయించినాను. ఆ జబ్బును తట్టుకునే శక్తి ఆ పిల్ల ఒంట్లో లేదని వచ్చింది. గర్భంతో ఉన్నోళ్ళకు ఆ టీకా వేయకూడదు. అంటే ఆ పిల్లకు ఉండే కాపుదల ఒక్కటే. చుట్టూ ఉన్న పిల్లలు టీకా వేయించుకొని, జబ్బు ఆ వీధిలోకి రాకుండా చూడాల. ఆ వీధి సగం సంఘం వాళ్ళదే.

"ఎవరికీ చెప్పొద్దక్కా. ఇంట్లో కూడా చెప్పలేదు. ఐదు నెలలు దాటనీ" అనింది. రెండుసార్లు పోయినదాని నోట ఆ మాట వస్తే ఎవరు కాదంటారు? ఒట్టు వేసినాను.

సరే, పిల్లోళ్ళందరూ వస్తారు కదా, భయం లేదులే అనుకున్నాను. మరుసటి రోజు డాక్టరు మోటార్‌సైకిలేసుకొని నా దగ్గరికొచ్చినాడు. మొహం వాడిపోయింది.

"అక్కా, చదివినాను. అది నిజమే."

"ఏది నిజం?"

"రుబెల్లా మందు పెంచే కణాలు. ఎప్పుడో అరవై ఏండ్ల కిందట, ఇంకో దేశంలో, ఒకామె కడుపు తీయించుకుంటే ఆ బిడ్డ ఊపిరితిత్తుల నుంచి కొన్ని కణాలు తీసినారు. అవి అప్పటి నుంచి పెరుగుతానే ఉన్నాయి. టీకా కోసరమని ఆ కడుపు తీయలేదు. మళ్ళీ ఏ బిడ్డనూ ముట్టే పని లేదు. సూదిలో ఆ బిడ్డదేమీ ఉండదు. అయినా, మూలం అదే."

నేనెన్ని వందలమందికి వేసింటాను ఆ సూది! ఒక్కరన్నా ఒక్క మాట చెప్పలేదే. నాకు కోపం ఎవరిమీద వచ్చిందో కూడా తెలీలేదు, ఎదురుగా ఉన్నాడు కాబట్టి డాక్టరు మీద చూపించినాను.

"ఇప్పుడేం చేస్తారు సార్?"

"పోయి చెప్తాను. నేను అబద్ధమని చెప్పినాను కదా."

"తెలీక చెప్పినారు. ఇప్పుడు తెలిసింది. నోరు మూసుకొని ఉండండి. పిల్లోళ్ళను పంపిస్తామన్నారు, సూది పడనీ, తర్వాత తీరిగ్గా చెప్పుకుందురు."

"అట్ల ఎట్లక్కా?"

"ఎట్లనా? కౌతాళం పక్క దద్దు లేచింది సార్. నిజం ఒక నెల ఆగితే కుళ్ళిపోదు" అన్నాను. ఆ పిల్ల కడుపు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగినాను. ఆయన నా మాట వినలేదు. ఆయన చేసింది సరైందా, నేను చెప్పింది సరైందా అని ఇప్పుడు అడిగితే నాకు తెలీదు. రోజును బట్టి ఒక్కోసారి ఒక్కోటి అనిపిస్తుంది.

మళ్ళా ఆదివారం, మళ్ళా అదే గోనెపట్టా. డాక్టరు చేతులు కట్టుకొని, తాను తప్పు చెప్పినానని, సంగతి ఇదీ అని మొత్తం చెప్పినాడు. ఏ మాటకామాటే, మోచేతుల దాకా చెమట కారుతాన్నా ఒక్కటీ దాచలేదు.

పాస్టరయ్య ఒళ్ళోని బైబిలు మూసి పక్కన పెట్టినాడు. "నువ్వు చెప్పకుండా ఉంటే బాగుండు నాయనా."

డాక్టరు బిత్తరపోయినాడు. "నిజం చెప్పమని అడిగింది మీరే కదండీ."

"అవును. అయినా వాక్యంలో ఏముందంటే, అంగట్లో అమ్మే మాంసం యాడిదని అడక్కుండా తినొచ్చు. ఇది విగ్రహానికి పెట్టిందని ఎవరన్నా చెప్తే మాత్రం తినకూడదు. ఆ చెప్పినోని కోసరమే తినకూడదు. ఇప్పుడు నువ్వు చెప్పినావు."

డాక్టరు నా చెవి దగ్గరికి వంగి, "అక్కా, మధ్యలో మాంసం ఎందుకొచ్చింది?" అన్నాడు. నవ్వాల్నా ఏడవాల్నా తెలీలేదు నాకు.

ఆయనకు తెలీదు గానీ, మాంసం వాళ్ళకు రోజూ ఉండే తకరారు. వాళ్ళ అన్నదమ్ముల్లో సగంమంది ఇంకా ఊరమ్మకు దేవర జాతర చేసేవాళ్ళే. దేవర నాడు ఏటపోతును కోస్తే చెల్లెలింటికి వాటా పంపకుండా ఉండలేరు, ఈ చెల్లెలు అమ్మకు చూపించిన మాంసం తినదు. కాబట్టి మంచి అన్నలు ఒక పని చేస్తారు. అమ్మ ముందుకు తోలకముందే ఒక ఏటనో, కోడినో పక్కకు కట్టేసి, "ఇది మా చెల్లెలోళ్ళ వాటా" అని వేరే కోసి పంపిస్తారు. ఇట్ల బంధుత్వమూ నిలబడుతుంది, భక్తీ నిలబడుతుంది. అందుకే షెడ్డులో ఒకామె లేచి ఎంత మామూలుగా అడిగిందో చూడండి.

"నర్సమ్మా, మాకు వేరే వాటా ల్యాదా? ఆ బిడ్డను ముట్టకుండా చేసింది?"

డాక్టరు పాపం దానికి కూడా నిజమే చెప్పినాడు. యాడో ఒక దేశంలో కుందేలు కణాల్లో పెంచిన మందు ఉందని, అది మన దేశానికి రాదని. "ఉంది గానీ మీకు లేదు" అనే మాట పేదోళ్ళకు కొత్త కాదు. అయినా మొహాలు మాడిపోయినాయి.

నేను ఊరుకోలేక లేచినాను. "అయ్యగారూ, ఇది పెరుగు తోడు మాదిరి అనుకోండి. నిన్నటి పెరుగు తోడేస్తే ఈపొద్దు పెరుగు, ఈపొద్దుది తోడేస్తే రేపటి పెరుగు. ఎప్పటిదో మొదటి తోడు ఈపొద్దు గిన్నెలో ఉంటుందా?" అన్నాను. చెప్పినాక నాకే భలే చెప్పినాననిపించింది.

పాస్టరయ్య ఆ పోగు కూడా లాగి చూసినాడు. "బాగానే ఉంది నర్సమ్మా. మొదటి తోడు దొంగతనంగా తెచ్చింటే, ఈపొద్దు పెరుగు ఎవరిది?"

కూర్చున్నాను.

బయటికొచ్చినాక ఆ పిల్లను పక్కకు లాగినాను. "నీ మామకు నీ సంగతి చెప్పు. ఒక్క మాట చాలు. ఈ వాదాలన్నీ గాలికి పోతాయి" అన్నాను.

"చెప్తే ఒప్పుకుంటాడక్కా. అందుకే చెప్పను."

"తిక్కా నీకు?"

"కోడలి కడుపు కోసరం వాక్యం మార్చినాడంటారు. రేపు ఆయన ఏం చెప్పినా ఎవరూ వినరు. అదొకటి. ఇంకొకటి..." అని ఆగింది. "నా బిడ్డ బతికేకి ఆ బిడ్డనాక్కా? దానికీ తల్లి ఉండింటుంది కదా. ఆమెకు అడిగి తీసుకున్నారో లేదో. నాకు ఈ టీకా కావాల. కావాలని అనుకుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. నువ్వు పెద్దదానివి, నువ్వు చెప్పు, నేను ఏమని ప్రార్థన చెయ్యాల?"

చూడండి, నేను అనుకున్నది ఏంటి? ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్నది, ఇప్పుడు కడుపుతో ఉంది, ఈ పిల్లే అందరికంటే ముందు టీకా వేయండని అరుస్తుందనుకున్నాను. అందరికంటే ఎక్కువ తల్లడిల్లింది ఈ పిల్లే. నేను ఆస్పత్రిలో కడుపులు తీసే గది బయట నిలబడి ఎందరి చేతులు పట్టుకొని ఉంటాను! ఎందరికో కుటుంబ నియంత్రణకు నేనే తోడు పోయినాను. అది ఉద్యోగం. ఆదివారం చర్చికి పోయి కూర్చోవడం భక్తి. రెండింటికీ మధ్య గోడ ఉందని ఇన్నేండ్లు హాయిగా బతికినాను. ఈ పిల్ల వచ్చి ఆ గోడమీద కూర్చొని నన్ను అడుగుతాంది. "నాకు తెలీదమ్మా" అన్నాను. పెద్దదాన్నై ఉండి అంతకంటే ఏమీ చెప్పలేకపోయినందుకు సిగ్గయింది.

బడిలో టీకాల రోజు రానే వచ్చింది. బడి వరండాలో బల్ల వేసి, దానిమీద నీలం ఐసు డబ్బా పెట్టుకొని కూర్చున్నాను. పక్కన డాక్టరు. పిల్లోళ్ళు వరసగా వస్తాంటే కుడి చేతికి సూది, ఎడమ బొటనవేలికి సిరా. ఓట్లేసినట్టు వేళ్ళు చూపించుకుంటా పోతాన్నారు. సంఘం పిల్లలు మాత్రం గోడవారగా వేరే నిలబడినారు. వాళ్ళ తల్లులు కూలి మాని వచ్చి గేటు దగ్గర కొంగులు తల మీదికి లాక్కొని ఉన్నారు. వద్దంటే పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా? అట్ల ఉంచలేదు. బల్ల దగ్గరికి పంపించలేదు, ఇంట్లో ఉంచుకోలేదు. వాళ్ళకూ ఏమీ పాలుపోలేదన్నమాట.

ఒకసారి మందు కలిపినామంటే గంటలు లెక్క. పొద్దు వాలేలోగా వేయకపోతే పారెయ్యాల. మిగతా పిల్లలు అయిపోవచ్చినారు. బల్లమీద కలిపిన మందు ఉంది, గోడవారగా పిల్లలు ఉన్నారు, మధ్యలో ఎవరూ లేరు.

అప్పుడొచ్చినాడు పాస్టరయ్య. మూడు పూటలు ఉపాసం ఉన్నాడంట, పెదవులు ఎండిపోయినాయి. నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పినాడు. "దేవుడు నాతో ఏమీ మాట్లాడలేదు నర్సమ్మా. అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. నేను వీళ్ళకు ఏం చెప్పాల?"

నా ఒట్టు ఆడనే తెగిపోయేదే. నోరు తెరిచినాను కూడా. అంతలో ఆ పిల్ల గేటు దగ్గర్నుంచి వచ్చింది. పిల్లల గుంపులోకి రావద్దని నేను పొద్దున్నే కసిరి గేటు అవతల నిలబెట్టినాను. అట్లాంటిది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నేరుగా మామ ముందుకొచ్చి నిలబడింది. ఎప్పుడూ మామ ఎదురుగా గట్టిగా మాట్లాడనిది.

"మామా, ఆ బిడ్డకు ఎవరన్నా ప్రార్థన చేసింటారా?"

"యా బిడ్డకమ్మా?"

"ఈ మందుకు మూలమైన బిడ్డకు. కావాల్సింది తీసుకొని, మిగిలింది పూడ్చినారో, పారేసినారో. ఒక్క మాటన్నా చెప్పింటారా?"

"నాకేం తెలుసమ్మా."

"మీరు చెయ్యండి మామా. సమాధి ప్రార్థన. చేసినాక వేయించుకుంటే పాపం పోతాదో లేదో నాకు తెల్దు. ఉత్తగా తీసుకోవడం మాత్రం నాకు చాతకాదు."

పాస్టరయ్య నేల చూసినాడు. "కడుపులో పోయిన బిడ్డకు ప్రార్థన మన పద్ధతిలో లేదు కదమ్మా."

"లేదని నాకు తెల్సు మామా" అనింది ఆ పిల్ల. "నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

అంతే. ఆ మాటకు నేను సిరంజి కింద పెట్టేసినాను. హెడ్‌మాస్టరు ఏదో అనబోతే డాక్టరు చెయ్యి అడ్డం పెట్టినాడు.

పాస్టరయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. బల్ల ముందుకొచ్చి, డబ్బాను ముట్టుకోకుండా నిలబడినాడు. ఆయన ప్రార్థనలు పొడుగ్గా ఉంటాయి, గట్టిగా ఉంటాయి. ఆ పొద్దు గొంతు తగ్గించి మొదలుపెట్టినాడు.

"తండ్రీ, ఈ బిడ్డ పేరు మాకు తెల్దు. యా ఊరో తెల్దు. ఆడబిడ్డో మగబిడ్డో తెల్దు. వాళ్ళు ఆ బిడ్డను అడక్కుండా తీసుకున్నారు. మేము అడిగేకి ఆ బిడ్డ లేదు. మా పిల్లోళ్ళ కోసరం తీసుకుంటాండాము. క్షమించమని అడిగే హక్కు మాకుందో లేదో అదీ తెల్దు. ఆ బిడ్డను నువ్వు పేరు పెట్టి పిలిచింటావు. ఆ తల్లిని ఓదార్చు."

ఆమేన్ అంటాడనుకున్నాను. అనలేదు. తువ్వాలు కొస పట్టుకొని నిలబడినాడు.

"మా ఇంటి వెనకాల ఇద్దరుండారు ప్రభువా. వాళ్ళను నా చేతుల్తోనే పెట్టినాను. ఒక్క మాట చెప్పకుండా పెట్టి వచ్చినాను."

ఆ పిల్ల నిలబడినచోటే కూలబడిపోయింది. గేటు దగ్గర ఒక్కొక్క ఆడమనిషి ఏడవడం మొదలుపెట్టింది. ఎవరు ఎందుకు ఏడుస్తాన్నారో ఊరికి తెలీదు గానీ నాకు తెలుసు. వాళ్ళలో కొందరికి కడుపు తీయించుకునేకి ఆదోని ఆస్పత్రికి తోడు పోయింది నేనే. నేను వాళ్ళ వైపు చూడకుండా డబ్బా మూత చూస్తా ఉండిపోయినాను.

పాస్టరయ్య ఆమేన్ అని, కండ్లు తుడుచుకొని, చిన్నకొడుకు బిడ్డ చెయ్యి పట్టుకొని బల్ల దగ్గరికి తెచ్చినాడు. మనవరాలి గౌను చెయ్యి పైకి ఆయనే మడిచినాడు. ఆ వెనక చానామంది వచ్చినారు. అందరూ రాలేదు. ఒకాయన తన పిల్లోళ్ళను తీసుకొని పోతా, "ప్రార్థన చేస్తే దొంగసొత్తు మనదైతాదా అయ్యగారూ?" అని అడిగి పోయినాడు. పాస్టరయ్య పక్కకు జరిగి ఆయనకు దావ ఇచ్చినాడు. ఆ మాట తప్పని నేనూ చెప్పలేను. ఆయన మంచి మనిషి, మొండితనంతో అన్నది కాదు.

ప్రభుత్వ బడిలో ప్రార్థన ఎట్ల చేయనిచ్చినారని తర్వాత డాక్టరును పైనుంచి గట్టిగానే అడిగినారు. "రేపు ఇంకొకరొచ్చి కొబ్బరికాయ కొడతామంటే?" అన్నారంట. అది కూడా న్యాయమైన ప్రశ్నే. డాక్టరు నాతో, "అక్కా, ఈ ఊర్లో న్యాయమైన ప్రశ్నలు ఎక్కువైపోయినాయి" అన్నాడు. ఆ పిల్లోడు అంతకుముందు ఎప్పుడూ జోకులేసినోడు కాదు.

ఐదో నెల దాటినాక ఇంట్లో సంగతి తెలిసింది. పాస్టరయ్య సబ్ సెంటరుకు వచ్చినాడు. నన్ను తిడతాడనుకొని ముందే కుర్చీ వేసినాను.

"మీకు ముందే తెలుసు కదా నర్సమ్మా."

"తెలుసు అయ్యగారూ. ఒట్టు వేయించుకునింది."

"చెప్పకుండా మంచి పని చేసినారు" అన్నాడు. "చెప్పింటే, ఆ పొద్దు నేను ప్రార్థన చేసింది యా బిడ్డ కోసరమో నాకే తెలిసేది కాదు."

నెలలు నిండి ఆదోనిలో కాన్పయింది. ఆడబిడ్డ. నేను బట్టలో చుట్టి చేతికి తీసుకొని ముందు కండ్లు చూసినాను, తెల్ల పొర లేదు. డాక్టరమ్మ గుండె చూసి బాగుందనింది. నాలుగు రోజులాగి స్టీలు తట్ట మీద గరిటెతో కొట్టి చూసినాను. బిడ్డ ఉలిక్కిపడి, ఆస్పత్రి లేచిపోయేటట్టు ఏడ్చింది. వాళ్ళత్త నన్ను తిట్టింది. ఆ తిట్టు నాకు తీపిగా ఉండింది. సంఘం పిల్లలు సూది వేయించుకున్నందుకు బిడ్డ బాగుందా, లేక ఆ జబ్బు మా ఊరి దావే పట్టలేదా? ఎవరు చెప్పగలరు? పాస్టరయ్య దేవుని కృప అన్నాడు. డాక్టరు టీకా అన్నాడు. ఇద్దరికీ తల ఊపినాను.

ఆ బిడ్డకు తొమ్మిది నెలలు నిండినప్పుడు నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. టీకాల బుధవారం, ఆ పిల్ల బిడ్డను చంకనేసుకొని వచ్చింది. అదే టీకా, తట్టు రుబెల్లా మొదటి డోసు. అందరి బిడ్డలనూ ఇన్నాళ్ళు పిలుచుకొచ్చి కూర్చోబెట్టింది తనే. ఆ పొద్దు తన బిడ్డను ఒళ్ళో పెట్టుకొని నా ముందు బల్లమీద కూర్చునింది. మందు కలిపినాను. సిరంజిలోకి లాగినాను. బిడ్డ నా మెడలో గొలుసు పట్టుకొని లాగుతాంది. దూదితో చెయ్యి తుడిచి ఆ పిల్ల మొహం చూసినాను. అన్నేండ్ల ఉద్యోగంలో ఏ తల్లినీ అట్ల అడిగిందాన్ని కాదు.

"ఏమ్మా, వేసేదా?"

ఆ పిల్ల కండ్లు మూసుకొని పెదవులు కదిపింది. ఎవరి కోసరమో నేను అడగలేదు. కండ్లు తెరిచి, బిడ్డ చెయ్యి కదలకుండా గట్టిగా పట్టుకునింది.

"నాకింకా తెల్లేదక్కా" అనింది. "వెయ్యి."

వేసినాను.